న్యూయార్కు తీర్పు - ఇంటి తీర్పు

న్యూయార్కు నగరమున ఏటేట నవంబరు మాసములో అంతర్జాతీయ ఎమ్మీ బహుమానముల సభ జరుగును. రెక్కలు గల స్త్రీమూర్తి పరమాణువును చేతులతో పైకెత్తి పట్టుకొనియున్న బంగారువన్నె ప్రతిమను, ఆ యేటి టెలివిజను కార్యక్రమములలో మేటివని యెన్నబడిన వానికి అచట నొసంగుదురు. 2025వ సంవత్సరము నవంబరు 24వ తేదీని జరిగిన సభలో మన దేశము పక్షమున 'అమర్ సింగ్ చమ్‌కీలా' చిత్రమును, అందలి ముఖ్యనటుడు దిల్జిత్ దోసాంజ్ గారును పోటీలో నిలిచిరి. రెండును దక్కలేదు. ఉత్తమ నటుని బహుమానము స్పెయిను దేశీయుడగు ఓరియోల్ ప్లాకు పోయినది. మన పత్రికలు పెక్కు మనకు రాలేదన్న వార్తనే ముందు ప్రకటించి, వచ్చినవారి సంగతి తరువాత తలచినవి. ఆ నిరాశను గూర్చి మాకు చెప్పవలసినది లేదు. బహుమానము వచ్చిన యేండ్లలో మనము పొందిన సంతోషమునే ఈ వారము కొంచెము పరీక్షింప దలచితిమి.

మొదట ఈ సభ యెవ్వరిదో తెలియవలెను. అమెరికా దేశమువారు తమ టెలివిజనుకు 1949 మొదలు ఎమ్మీ బహుమానములు ఇచ్చుకొనుచున్నారు. 1969లో అంతర్జాతీయ అకాడమీ యొకటి న్యూయార్కున వెలసి, అమెరికాకు వెలుపల నిర్మింపబడిన కార్యక్రమములకు వేరుగా బహుమానముల నేర్పరచినది. అరువదికి మించిన దేశములవారు అందు సభ్యులు. కావున ఇందు 'అంతర్జాతీయ' మనగా సకలజాతులకు చెందినదని గాదు, అమెరికాది కానిదని యర్థము. ఇల్లొకటి, తక్కిన లోకమంతయు వాకిలి. ఈ విభాగము భాషనుబట్టి జరుగునా యన్న అదియును గాదు. కొరియా భాషలో, కొరియా నటులతో తీసిన 'స్క్విడ్ గేమ్' అమెరికా సంస్థ పెట్టుబడితో తయారైనదగుటచే 2022 సెప్టెంబరులో ఇంటి పోటీకే పోయి ఆరు ఎమ్మీలను గెలిచినది. అందలి లీ జంగ్‌జే ఉత్తమ నటుడుగా నెన్నబడెను. మన 'ఢిల్లీ క్రైం' అదే సంస్థద్వారా లోకమునకు వెల్లడియైనను బయటి పోటీకి పోయినది. కోర్టు అధికారపరిధి దావా సొమ్మునుబట్టి నిర్ణయమగుట మావంటి ప్లీడర్లకు క్రొత్త గాదు. కళలకును అదే న్యాయము వర్తించునని మాత్రము ఇప్పుడే వినుచున్నాము.

ఇట్లనుటచే ఆ సభవారి తీర్పులు చవుకబారువని మేమనుట లేదు. వారు మన్నించిన వానిలో గట్టివి గలవు. 2019లో ఉత్తమ నటి బహుమానము హంగరీ దేశపు మారినా గేరాకు వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధాంతమున సోవియట్టు సేనలు హంగరీనుండి స్త్రీలను పురుషులను వెట్టిచాకిరి శిబిరములకు కొనిపోయిన కథ ఆ చిత్రమునకు వస్తువు. తిరిగివచ్చినవారు సయితము ఆ మాట నోటరాకుండ దశాబ్దములు గడపవలసివచ్చినది. ఆ మౌనమును హంగరీవారే, తమ భాషలోనే, తమ టెలివిజనుకై భంగపరచిరి. అదే యేడు ఉత్తమ నటుడు తుర్కీ భాషలో నటించిన హలుక్ బిల్గినెర్. 2024లో ఉత్తమ నటి థాయిలాండు దేశపు యువతి. ఆ సంవత్సరమే ఉత్తమ నాటకశ్రేణిగా గెలిచిన 'డ్రాప్స్ ఆఫ్ గాడ్'లో పాత్రలు ఫ్రెంచి, జపాను భాషలు మాటలాడును. ఎవరి యూరి కథను వారు, ఎవరి నాలుకతో వారు చెప్పినప్పుడే ఆ ప్రతిమ తరచుగా చేతికి వచ్చినది. పరదేశపు మెప్పు గోరి పరదేశపు వేషము కట్టువారు ఈ పట్టిక నొకసారి చదువుకొనుట మంచిది.

ఇక మన సంగతి. 2020వ సంవత్సరము నవంబరు 23వ తేదీని, మహమ్మారి మూలమున ప్రేక్షకులు లేని సభలో, 'ఢిల్లీ క్రైం' ఉత్తమ నాటకశ్రేణిగా ప్రకటింపబడెను. జర్మనీ, బ్రిటను, అర్జెంటీనా దేశములవి దానితో పోటీపడినవి. ఈ బహుమానము భారతీయ శ్రేణికి వచ్చుట అదియే మొదలు. కెనడాలో పుట్టిన మన సంతతివాడగు రిచీ మెహతా దానిని రచించి దర్శకత్వము వహించెను. షెఫాలీ షా పోలీసు ఉన్నతాధికారిణిగ నటించెను. 2012 డిసెంబరు 16వ తేదీ రాత్రి ఢిల్లీ నగరమున నడచుచున్న బస్సులో ఇరువదిమూడేండ్ల విద్యార్థినిపై ఆరుగురు జరిపిన ఘోరమును, ఆ యారుగురను పోలీసులు పట్టుకొన్న తీరును అందలి ఏడు భాగములును చెప్పును. ఆమె 29వ తేదీని సింగపూరు ఆసుపత్రిలో ప్రాణములు విడిచెను.

ఆ శ్రేణి నేర్పుగా తీయబడినదనుటలో మాకు సందేహము లేదు. ఘోరమును కన్నులకు గట్టింపక, దాని నీడను మాత్రమే చూపుట ఉత్తమ సంస్కారము. ఠాణాలో దీపములారిపోవుట, సిబ్బంది చాలకపోవుట, రాత్రింబవళ్లు నిద్రలేని కనిష్ఠోద్యోగుల ముఖములు - వీనిని మన తెరలమీద ఇంత సత్యముగ నెవ్వరును చూపలేదు. షెఫాలీ షా గారి కన్నులలో కోపమును అలసటయు ఏకకాలమున గనబడును. న్యూయార్కువారు తీర్పు చెప్పినది ఈ నేర్పును గూర్చి. వారికి తెలిసినదియు అదియే. అందు తప్పేమియు లేదు.

కాని మన తీర్పు అచటితో ముగియరాదు. ఏలయన ఆ కథ మనది. శ్రేణి యంతయు పోలీసుల కన్నులతో చూడబడినది. వీథులలో నిలిచిన జనము అందు పోలీసుల పనికి అడ్డుదగులు గుంపుగనే యెక్కువగా గనబడును. అధికారిణి కుమార్తె ఆ జనములో చేరుట నిజమే యైనను, ఆ జనము కోరినదేమో, సాధించినదేమో మనకు తెలియరాదు. ఠాణాలో ముద్దాయి తన నేరమును విప్పిచెప్పు ఘట్టము నాటకమున కెల్ల ప్రాణము. ఆ ఘట్టమును చూచి నిట్టూర్చిన పదిమందిలో తొమ్మిదిమంది, కేసు అచటనే ఋజువైనదని తలచియుందురు. చట్టము అట్లు తలపదు. పోలీసు ఉద్యోగియెదుట చేసిన నేరాంగీకారము ముద్దాయికి వ్యతిరేకముగ సాక్ష్యము గానేరదని 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టము 25వ సెక్షను శాసించినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన క్రొత్త చట్టమును ఆ నియమమును 23వ సెక్షనుగ నిలుపుకొన్నది. దెబ్బలకు ఓర్వలేనివాడు చేయని నేరమును సయితము ఒప్పుకొనునని శతాబ్దిన్నరకు ముందే శాసనకర్తలకు తెలియును. ఆ కేసులో శిక్ష నిలబడుటకు కారణములు వేరు: ఆమె మరణవాఙ్మూలములు, ఆమెతో నుండి గాయపడిన మిత్రుని సాక్ష్యము, రక్తాది పరీక్షలు, రోడ్డుమీది కెమేరాల చిత్రములు. 2013 సెప్టెంబరులో నలుగురకు మరణశిక్ష విధింపబడినది. 2014లో హైకోర్టు, 2017 మే 5వ తేదీని సుప్రీంకోర్టు దానిని స్థిరపరచినవి. 2020 మార్చి 20వ తేదీని ఉరి తీయబడిరి. ఒకడు విచారణనాడే జెయిలులో చనిపోయెను. బాలుడని తేలినవాడు మూడేండ్లు సంస్కరణగృహమున నుండెను. ఏడేండ్లకు పైబడిన ఈ న్యాయస్థానపు కథ తెరకెక్కలేదు. పట్టుకొనుటతో తెర పడినది.

అంతకంటెను విడువరానిది మరొకటి గలదు. జనము వీథుల కెక్కిన వారములోనే జస్టిస్ వర్మ గారి అధ్యక్షతను సంఘ మొకటి నియమింపబడి, సుమారు 80,000 సూచనలు స్వీకరించి, 29 దినములలో నివేదిక నిచ్చినది. ఆ నివేదికలో పోలీసుల నిర్లక్ష్యమును గూర్చిన మాటలు మెత్తనివి కావు. ఆ పిమ్మట వచ్చిన 2013వ సంవత్సరపు శాసనము ఆమ్లదాడి, వెంటబడి వేధించుట మున్నగువానిని ప్రత్యేక నేరములుగ జేసినది. ఇట్టి ఫిర్యాదును వ్రాసికొనని పోలీసు ఉద్యోగియే శిక్షార్హుడగునని యందు చేర్చబడినది. ఒక యాడుబిడ్డ ఠాణా మెట్లెక్కినప్పుడు పొమ్మనువానికి శిక్ష గలదని నిర్ణయించుట మన పౌరులు వీథిలో నిలిచి గెలిచిన గెలుపు. దానికి ప్రతిమ యెవ్వరును ఇయ్యలేదు.

పోలీసులే కథానాయకులైన కథలవలన నేమి హానియని యడుగువారుందురు. తెలుగుదేశమున దీనికి తార్కాణము దూరముగా వెదుకనక్కరలేదు. 2019 నవంబరు చివర హైదరాబాదు శివారున ఒక పశువైద్యురాలు అట్టి ఘోరమునకే బలియైనది. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున నలుగురు నిందితులును చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పులలో చచ్చిరి. నాడు జనము పోలీసులపై పూలు చల్లినది. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ సంఘపు నివేదిక 2022 మేలో వెల్లడియైనప్పుడు, చంపు నుద్దేశముతోనే కాల్పులు జరిగినవనియు, చచ్చినవారిలో ముగ్గురు మైనరులనియు, పదిమంది పోలీసులను హత్యానేరమునకు విచారింపవలెననియు అందు కనబడెను. చల్లిన పూలను తిరిగి యేరుకొనుట సాధ్యమా? ఢిల్లీ శ్రేణిని తీసినవారు ఈ పూలకు బాధ్యులని మేమనము. వారి పోలీసులు నిందితులను సజీవముగ పట్టి కోర్టునకు అప్పగించినవారు. అయినను న్యాయమనగా పట్టుకొనుటయే యని నేర్చిన కంటికి, పట్టుకొనుటకును కాల్చుటకును మధ్యనుండు దూరము రానురాను సన్నగిల్లును. ఈ విమర్శ న్యూయార్కువారు చేయదగినది గాదు, మనము చేయదగినది. 2020 నవంబరులో మన పత్రికలు అభినందనలతో నిండినవి గాని, ఈ మాట వానిలో మాకు అరుదుగ గనబడినది.

ఇప్పుడు అయిదేండ్లు వెనుకకు పోవుదము. 2015 మార్చిలో ఇదే ఘోరమును గూర్చి లెస్లీ అడ్విన్ అను బ్రిటిషు స్త్రీ తీసిన 'ఇండియాస్ డాటర్' అను వాస్తవచిత్రము బి.బి.సి. పక్షమున సిద్ధమైనది. మార్చి 8వ తేదీ మహిళాదినమున మన దేశమందును చూపవలెనని యేర్పాటు. ఢిల్లీ కోర్టు నిరోధపుటుత్తరు విచ్చినది. ఎవ్వరును దానిని ప్రసారము చేయరాదని కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ టెలివిజను సంస్థలకు తాఖీదు పంపినది. దేశమునకు అపకీర్తి తెచ్చు కుట్రయని పార్లమెంటులో మాట వినబడెను. ప్రసారము చేయబూనిన ఎన్.డి.టి.వి. వారు ఆ గంటసేపు తెరపై వెలుగుచున్న దీపమును మాత్రము చూపి యూరకుండిరి.

ఆ నిషేధమున న్యాయాంశము కొంత లేకపోలేదు. ముద్దాయిల అప్పీళ్లు సుప్రీంకోర్టునం దుండగా, వారిలో నొకనిని జెయిలులో మాటలాడించి లోకమునకు వినిపించుట సరియా యని మంచి న్యాయవాదులే, స్త్రీల పక్షమున పోరాడినవారే, సంశయించిరి. ఆ సంశయము గౌరవింపదగినది. అప్పీళ్లు ముగియు వరకు ఆగుడని చెప్పియుండిన మేమును సమ్మతించియుందుము. కాని గట్టిగా వినబడినది ఆ మాట గాదు, దేశప్రతిష్ఠ యను మాట. సరే, అయిదేండ్ల తరువాత అదే బస్సు, అదే రాత్రి, అదే యువతి. ఈసారి న్యూయార్కు బహుమాన మిచ్చినది. దేశప్రతిష్ఠ పెరిగినదని సంతోషించితిమి. ఒకే సంగతి 2015లో అపకీర్తియు 2020లో కీర్తియు నెట్లయ్యెను? ఘోరము మారలేదు, మనము మారలేదు, మధ్య వచ్చినది పరదేశపు ముద్రయొకటి. వీలునామా మంచిదో చెడ్డదో చదువక, దానికి రిజిస్ట్రీ ముద్ర పడినదా యని చూచు కక్షిదారుని పోలితిమి.

ఇది యొక్కసారి జరిగిన వింత యైన విడిచిపెట్టియుందుము. 2021 నవంబరులో వీర్ దాస్ అను హాస్యకారుడు వాషింగ్టను కెన్నెడీ కేంద్రములో రెండు భారతదేశములున్నవని ఒక ప్రసంగము చేసెను. ఢిల్లీలో, బొంబాయిలో పోలీసులకు ఫిర్యాదులు పోయినవి. మధ్యప్రదేశపు హోంమంత్రి తమ రాష్ట్రమున అతని ప్రదర్శనను సాగనీయమనెను. 2022 నవంబరులో బెంగుళూరు ప్రదర్శన ఆక్షేపణల మూలమున ఆగిపోయినది. ఆ కలహమునే వస్తువుగ గైకొని అతడు చేసిన 'ల్యాండింగ్' అను ప్రదర్శనకు 2023 నవంబరు 20వ తేదీని హాస్యవిభాగపు ఎమ్మీ, ఐర్లండు పడుచుల కథయగు 'డెరీ గర్ల్స్'తో సమముగ, లభించెను. మరుసటి యేడు ఆ సభనే నడపుటకు అతనిని పిలిచిరి. ఆ పని చేసిన మొదటి భారతీయు డతడే. పరదేశమునకు పోయి మన యింటి మాట లేల యాడవలెనని 2021లో కోపించినవారు, ఆ పరదేశమే ప్రతిమ నిచ్చినప్పుడు ఏ నోటితో ఊరకుండిరో మాకు తెలియదు. అతని హాస్యము మాకు రుచించునా యనునది వేరు ప్రశ్న. కొంత రుచించును, కొంత రుచింపదు. (ఆ 2023 సభలోనే ఏక్తా కపూర్ గారికి విశేషగౌరవము జరిగినది. ఆమె అత్తాకోడండ్ర కథలను దశాబ్దములుగ ప్రతిసాయంకాలము చూచి, ప్రతియుదయము నిందించిన గృహస్థులమందరమును ఆ గౌరవములో భాగస్వాములమే.)

మొన్న బహుమానము తప్పిన చమ్‌కీలా కథయును దీనికి చుట్టమే. అమర్ సింగ్ చమ్‌కీలా పంజాబు దళిత కుటుంబమున పుట్టిన పాటగాడు. పల్లెప్రజలు అతని పాటలకు విరగబడిరి, అవి అశ్లీలములని పెద్దలు చీదరించిరి, బెదరింపులు వచ్చినవి. 1988 మార్చి 8వ తేదీని మెహసంపూరులో పాడుటకు కారు దిగుచుండగా అతనిని, తోడ పాడు భార్యను తుపాకులతో కాల్చి చంపిరి. హంతకులకు శిక్ష పడలేదు. ముప్పదియారేండ్లకు ఇమ్తియాజ్ అలీ ఆ కథను చిత్రముగ తీసెను. దానికి న్యూయార్కు బహుమానము రాలేదని 2025లో మనము విచారించితిమి. 1988లో అతడు చచ్చిననాడు ఎందరు విచారించిరి?

పరదేశపు మెప్పు చేదనుట మా యభిమతము గాదు. 2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కారు వచ్చినప్పుడు తెలుగువారెల్ల పండుగ చేసికొనిరి; మేమును చేసికొంటిమి. కాని ఆ పాటను మనము అంతకు ముందే పెండ్లిపందిళ్లలో, ఉత్సవములలో మెచ్చి ఆడియుంటిమి. లాస్ ఏంజలిసువారు మన తీర్పును స్థిరపరచిరి. పైవానిలో మన తీర్పు లేనేలేదు, లేక తలక్రిందుగ నున్నది. మొదటి కోర్టు తీర్పే వ్రాయనిచో పైకోర్టు దేనిని స్థిరపరచును?

మన యింటనే పీఠము లేదా? 1954 మొదలు జాతీయ చలనచిత్ర బహుమానములు గలవు గాని వానికి టెలివిజనుతో నిమిత్తము లేదు. 2023లో గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఇట్టి శ్రేణులకు క్రొత్తగ నొక బహుమానము, 10 లక్షల రూపాయలతో, నెలకొల్పబడెను. మొదటి యేడు 'పంచాయత్' రెండవ భాగమునకు, 2024లో 'లంపన్' అను మరాఠీ శ్రేణికి అది లభించినది. పల్లెటూరి పంచాయతి గుమాస్తా కథను, మరాఠీ పిల్లవాని కథను ఎన్నుకొనుట మాకు సంతోషము. తెలుగు నిర్మాతలును అచటి పీఠముమీద దృష్టి నిలుపవలెను.

అయితే ఒక చిక్కు గలదు. ఈ బహుమానమిచ్చునది కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ. 2015లో ఆ తాఖీదు పంపినదియు ఆ శాఖయే. ఒకే చేతిలో దండయు దండమును నున్నప్పుడు ఆ చేయి దేనికై లేచినదో జనమునకు తెలియవలెను. కావున మేము ఆ శాఖను కోరునది రెండు సంగతులు. న్యాయనిర్ణేతలు తమ నిర్ణయమునకు కారణములను, కోర్టులు తీర్పు వ్రాసినట్లు, గెలిచినదాని గుణములతో పాటు లోపములను సయితము చెప్పి ప్రకటింపవలెను. అది హిందీలో, ఇంగ్లీషులో మాత్రమే గాక తెలుగు మొదలగు భాషలలోను రావలెను. రెండవది, ఏ శాఖచేత నైనను నిరోధింపబడిన కార్యక్రమమును ఆ కారణముచేతనే పోటీనుండి తొలగింపరాదని నియమావళిలో స్పష్టముగ వ్రాయవలెను. వచ్చు నవంబరులో గోవాయందును న్యూయార్కునందును సభలు మరల జరుగును. అంతకు ముందే ఆ నియమావళి ప్రతిని తెప్పించుకొని మన పఠనమందిరముల బల్లలమీద నుంచుటకు గ్రంథాలయ కార్యదర్శులు పూనుకొందురుగాక.